మీ ప్రశ్న – మా జవాబు: ‘హ్యావ్’తో వచ్చే చిక్కులు

ఇంగ్లిష్‌లో ‘హ్యావ్’ చిన్న మాటే అయినా తెలుగువాళ్లను తికమక పెట్టడంలో దానిది పెద్ద చెయ్యి. ఈ సంచికలో దాని మీద వచ్చిన ప్రశ్నలకే జవాబులిస్తున్నాం.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్’ తప్పని మా అబ్బాయి అంటాడు. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ మాత్రం ఒప్పేనట. రెండు చోట్లా అదే మాట కదా, మరి తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. తెలుగులో ‘హ్యావ్’కు సాటి వచ్చే క్రియ లేదు. మనకున్నది ‘ఉండు’ ఒక్కటే. ఎవరికి ఉందో వాళ్ల పేరుకు ‘కు’, ‘కి’, ‘దగ్గర’, ‘లో’ చేర్చి పని నడుపుకుంటాం. ‘నాకు ఇద్దరు పిల్లలున్నారు’, ‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’, ‘మా ఇంట్లో మూడు గదులున్నాయి’, ‘ఆయనకు ఓపిక లేదు’. వీటన్నిటినీ ఇంగ్లిష్ ‘హ్యావ్’ అంటూ ఒకే గాటన కట్టేస్తుంది. ‘హ్యావ్’ అంటే ‘కలిగి ఉండు’ అని బడిలో బట్టీ పట్టించడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువని మా అభిప్రాయం. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. పైగా ‘కలిగి ఉన్నాను’లోని ‘ఉన్నాను’కు పిల్లలు ‘యామ్’ తగిలించి ‘యామ్ హ్యావింగ్’ చేసేస్తారు.

తేడా పట్టుకోవడానికి ముందు వాక్యాన్ని తెలుగులో అనుకోండి. చివర ‘ఉంది, ఉన్నాయి, ఉన్నారు, లేదు’ వస్తే ‘హ్యావింగ్’ పనికిరాదు. ‘ఐ హ్యావ్ టూ చిల్డ్రన్’, ‘షి హ్యాజ్ ఎ కార్’ అనాలి. చివర ‘తింటున్నాను, తాగుతున్నాం, జరుపుతున్నారు, పడుతున్నాను’ లాంటి జరుగుతున్న పని వస్తే ‘హ్యావింగ్’ నిక్షేపంగా వాడొచ్చు: ‘వుయ్ ఆర్ హ్యావింగ్ టీ’, ‘దే ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ దిస్ ఫోన్’. మూడోది ‘ఈ ఫోన్‌తో ఇబ్బంది పడుతున్నాను’ అన్నమాట.

ఒక్కచోట మాత్రం మరీ జాగ్రత్త. ‘షి హ్యాజ్ ఎ బేబీ’ అంటే ఆమెకు పసిబిడ్డ ఉంది. ‘షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అంటే ఆమె గర్భవతి, లేదా కాన్పు అవుతోంది. బిడ్డనెత్తుకుని వచ్చినావిడ గురించి రెండోది అంటే వినేవాళ్లు ఇంకో బిడ్డ పుట్టబోతోందనుకుంటారు.

సెలవు చీటీలో జ్వరం, తలనొప్పి అని రాయాలంటే ‘ఎ’ పెట్టాలా, వద్దా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

చిన్నాచితకా నలతలకు పెట్టాలి: ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, ‘ఎ హెడేక్’, ‘ఎ కోల్డ్’, ‘ఎ కాఫ్’, ‘ఎ సోర్ త్రోట్’. పేరున్న జబ్బులకు అక్కర్లేదు: ‘ఐ హ్యావ్ మలేరియా’, ‘టైఫాయిడ్’, ‘డెంగీ’. ‘నాకు షుగరుంది’ అని మనం రోజూ అంటాం గానీ విదేశీ డాక్టరు దగ్గర ‘ఐ హ్యావ్ డయాబెటిస్’ అనే చెప్పండి.

‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని రాస్తే మాస్టారు రెండు చోట్ల గీత గీశారు. ఎందుకు?
– ఒక విద్యార్థిని, అనంతపురం

మొదటి తప్పు ‘యామ్ లివింగ్’. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘హ్యావ్ లివ్డ్’ లేదా ‘హ్యావ్ బీన్ లివింగ్’ కావాలి. రెండోది ‘సిన్స్’. మనం ‘పదేళ్ల నుంచి’ అన్నా, ‘2015 నుంచి’ అన్నా ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో గడిచిన కాలం పొడవు చెబితే ‘ఫర్’, మొదలైన రోజో ఏడాదో చెబితే ‘సిన్స్’. అంటే ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’, ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ సిన్స్ 2015’.

ఇదే దారిలో ఇంకో పొరపాటు: ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’. నిన్న, పోయిన వారం, 2019లో, రెండు రోజుల క్రితం అంటూ గడిచిపోయిన సమయం చెప్పారంటే ‘హ్యావ్’ తీసేయాలి. ‘ఐ సా హిమ్ యెస్టర్డే’ చాలు. తెలుగు ‘చూశాను’ రెంటికీ సరిపోతుంది కాబట్టి తేడా మన చెవికి తగలదు.

‘యూ మస్ట్ నాట్ కమ్’, ‘యూ డోంట్ హ్యావ్ టు కమ్’ – రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

కానే కాదు. మొదటిది ‘రాకూడదు’, రెండోది ‘రానక్కర్లేదు’. ‘మస్ట్ కమ్’, ‘హ్యావ్ టు కమ్’ దాదాపు ఒకటే కాబట్టి, ‘నాట్’ చేరినా ఒకటే అనుకుంటారు. పెళ్లికి పిలిచి కానుకలు తేనక్కర్లేదనబోయి ‘యూ మస్ట్ నాట్ బ్రింగ్ గిఫ్ట్స్’ అంటే ఆంక్ష పెట్టినట్టవుతుంది.

పనిలో పనిగా ఉచ్చారణ కూడా. ‘చేయాలి’ అనే అర్థంలో ‘హ్యావ్ టు’, ‘హ్యాజ్ టు’ అనేవి ‘హ్యాఫ్ టు’, ‘హ్యాస్ టు’గా పలుకుతాయి. తర్వాత వచ్చే ‘ట’ పరుషం కావడంతో ముందున్న శబ్దం కూడా గొంతు కంపించని ఊపిరి శబ్దంగా మారిపోతుంది. అయితే ‘ఐ హ్యావ్ టూ బుక్స్’లో ‘వ్’ చెక్కుచెదరదు. వేగంగా మాట్లాడేవాళ్ల ఇంగ్లిష్ వినేటప్పుడు ఈ తేడా బాగా అక్కరకొస్తుంది.

ఇంటికి రంగులు వేయించాను. ‘ఐ పెయింటెడ్ మై హౌస్’ అనొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

అంటే బ్రష్షు మీరే పట్టుకుని వేసినట్టు వస్తుంది. మన ‘వేశాను – వేయించాను’, ‘కుట్టాను – కుట్టించాను’ తేడాను ఇంగ్లిష్‌లో ‘హ్యావ్’తో చూపిస్తారు. వరస ముఖ్యం: హ్యాడ్, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ హ్యాడ్ మై హౌస్ పెయింటెడ్’. వరస తప్పి ‘ఐ హ్యాడ్ పెయింటెడ్ మై హౌస్’ అన్నారంటే అర్థమే మారిపోయి, ‘అప్పటికే నేను రంగులు వేసేశాను’ అవుతుంది.

ఎవరి చేత చేయించారో చెప్పాలంటే క్రియ మొదటి రూపం, ముందు ‘టు’ లేకుండా: ‘ఐ హ్యాడ్ ది ఎలక్ట్రీషియన్ చెక్ ది ఫ్యాన్’. అదే ‘గెట్’ వాడితే ‘టు’ తప్పనిసరి: ‘ఐ గాట్ ది ఎలక్ట్రీషియన్ టు చెక్ ది ఫ్యాన్’. ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్’లోనూ వరస అదే. కానీ అక్కడ చేయించింది ఏమీ లేదు, ఫోన్ దొంగల పాలైంది, అంతే.

మా మేనేజరుకు ‘యూ హ్యాడ్ బెటర్ సైన్ టుడే’ అని మెయిల్ పెడితే ఆయన నొచ్చుకున్నారు. తప్పేముంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

వ్యాకరణం సరిగ్గానే ఉంది, స్వరమే ఇబ్బంది. ‘హ్యాడ్ బెటర్’ను ‘చేస్తే మంచిది’ అని నేర్పుతారు గానీ అందులో ‘లేకపోతే తర్వాత నీ ఇష్టం’ అనే బెదిరింపు దాగి ఉంటుంది. అమ్మ పిల్లాడితో అనొచ్చు, పైవాళ్లతో అనకూడదు. ‘కుడ్ యూ ప్లీజ్ సైన్ ఇట్ టుడే’ అని రాయండి.

పొట్టిగా ‘ఐడ్’ అని వినిపిస్తే అది ‘ఐ హ్యాడా’, ‘ఐ వుడ్డా’?
– ఒక విద్యార్థి, కర్నూలు

తర్వాతి మాట చూడండి. మూడో రూపముంటే ‘హ్యాడ్’: ‘ఐడ్ గాన్’. మొదటి రూపముంటే ‘వుడ్’: ‘ఐడ్ గో’. ‘బెటర్’ వస్తే మాత్రం వెనక ‘గో’ ఉన్నా అది ‘హ్యాడ్’ కిందే లెక్క: ‘ఐడ్ బెటర్ గో’.