పేషెంట్ల నోట్స్‌పై మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు... మా అమ్మాయిని చేయనివ్వొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. పేషెంట్ల నోట్స్‌ను మెషీన్ లెర్నింగ్‌తో చదివించి, కాలం గడిచేకొద్దీ వాటిలో ఏ విషయాలు పెరిగాయో, ఏవి తగ్గాయో చూసే ప్రాజెక్టు చేస్తానంటోంది. మా వార్డు కేస్ షీట్లు ఫొటోలు తీసివ్వమంటోంది. ఇవ్వొచ్చా? దీనితో ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఫొటోలు మాత్రం ఇవ్వొద్దమ్మా, ఒక్కటి కూడా. పేరు కనబడకుండా తీసినా ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, ఊరు, చేరిన తేదీ కలిస్తే మనిషెవరో తెలిసిపోతుంది. మీ ఉద్యోగానికీ ముప్పే. ఆసుపత్రి రికార్డులే కావాలంటే కాలేజీ గైడ్ ద్వారా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి.

అది కుదరకపోతే మిమిక్-3 అనే డేటా ఉంది. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూల్లో 2001 నుంచి 2012 వరకు చేరినవాళ్ల నోట్స్, పేర్లు తీసేసి పరిశోధనకు ఇస్తున్నారు. ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి, ఒప్పందం మీద సంతకం పెడితే ఉచితంగా దొరుకుతుంది. ఒక చిక్కుంది. పేషెంట్లను గుర్తుపట్టకుండా తేదీలన్నీ 2100 తర్వాతికి జరిపేశారు, ఒక్కొక్కరికి ఒక్కోలా. అందుకని ఏ సంవత్సరం ఏం పెరిగిందో అందులో తేలదు. ఒకే పేషెంటు తేదీల మధ్య ఎడం మాత్రం అలాగే ఉంచారు. చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా నోట్స్‌లో విషయం ఎలా మారిందో చూడొచ్చు. ప్రాజెక్టును ఆ దారికి మార్చుకోమనండి.

ఈ పనికి 2003లో వచ్చిన ఎల్‌డీఏ అనే పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. తరచూ కలిసి కనబడే మాటలను అది గుంపులు కడుతుంది. షుగర్, ఇన్సులిన్, కాలి పుండు, డ్రెస్సింగ్ ఒక గుంపులో పడ్డాయనుకోండి. అది డయాబెటిక్ ఫుట్ అని పేరు పెట్టాల్సింది మనిషే. అక్కడే మీ అవసరం పడుతుంది.

కేస్ షీట్‌లో 'ఫీవర్ మూడు రోజులు, నో కాఫ్' అని ఉంటే, మాటలు మాత్రమే లెక్కపెట్టే ప్రోగ్రాం దాన్ని దగ్గు ఉన్నవాళ్ల లెక్కలో వేసేస్తుంది. 'పీటీ' అని కనబడితే పేషెంటా, ఫిజియోథెరపీనా, రక్తం గడ్డకట్టే పరీక్షా? షీట్‌లో ఎక్కడ రాశారో చూసి మీరు ఇట్టే చెప్పేస్తారు. కొత్త ఫారంలో పెయిన్ స్కోర్ గడి చేర్చారంటే ఆ నెల నుంచి ప్రతి షీట్‌లోనూ 'పెయిన్' ఉంటుంది. నొప్పులు పెరిగిపోయాయని గ్రాఫ్ చూపిస్తుంది. పెరిగింది గడి, నొప్పులు కాదు. ఇవి పట్టుకోగలిగితే మీ అమ్మాయి పని తోటి విద్యార్థుల కంటే ఎంతో ముందుంటుంది. ఇంట్లోనే ఇంత తెలిసిన మనిషి ఉండడం తన అదృష్టం.

ఉద్యోగం సంగతి. ఈ ఒక్క ప్రాజెక్టుతో రాదు. పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. అవి ఉంటే హైదరాబాద్, బెంగళూరుల్లో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, మందుల భద్రత, ఇన్సూరెన్స్ క్లెయిముల పనుల్లో ఈ అనుభవం అక్కరకొస్తుంది. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ ఉంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఊహించిన పేషెంట్ల మీద పది కేస్ షీట్లు, వార్డులో రాసినట్టే పొట్టి మాటలతో రాసివ్వండి. కంప్యూటర్ తెరవకుండా వాటిని చదివి అర్థం చెప్పమనండి. ఎక్కడ తడబడిందో అక్కడ పెన్నుతో గీత పెట్టండి. గైడ్ దగ్గరకు ఆ కాగితాలు పట్టుకుని వెళ్లమనండి.