పిన్నిగారి వంటింటి జాబులు: కేకులో కూల్‌డ్రింకు

పిన్నిగారూ, మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఆర్నెల్లు ఉంటున్నారు. గుడ్డు తగిలిన గిన్నె కూడా ఆవిడకి పనికిరాదు. మా బాబు అయిదో పుట్టినరోజుకి కేక్ ఎలాగా అని టెన్షన్ పడుతుంటే పక్కింటి అమెరికన్ ఆవిడ, "ఒక పెట్టె కేక్ మిక్స్, ఒక డబ్బా సోడా, అంతే! గుడ్డూ వద్దు, నూనే వద్దు" అంది. ఆ మాట అత్తయ్యగారికి చెబితే, "డబ్బాడు సోడా పోస్తే చేదెక్కి చావదూ?" అన్నారు. నిజంగా కుదురుతుందా?
— ఫ్రిస్కో కోడలు

మీ అత్తయ్యగారు అనుకున్నది వంటసోడా, అమ్మాయీ. ఆవిడ తప్పేం లేదు. బజ్జీల పిండిలో చిటికెడు ఎక్కువైతేనే నోట పెట్టలేం, డబ్బాడంటే గుండె ఆగదూ! మీ పక్కింటావిడ చెప్పిన సోడా మన కూల్‌డ్రింకు. మీ టెక్సాస్‌లో చాలామంది అన్ని కూల్‌డ్రింకుల్నీ "కోక్" అనే అంటారు కనుక ఆవిడ సోడా అందంటేనే గొప్ప. ఇంగ్లీషు నేర్చుకుని వచ్చిన నాకే మొదట్లో ఈ సంగతి అర్థం కాలేదు.

కుదురుతుంది. ఇరవయ్యేళ్లుగా చేస్తున్నాను. అయితే ఇది బేకరీ కేక్ అవుతుందని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. గుడ్డు లేకుండా, అరగంట పొయ్యిలో, అంటే ఓవెన్‌లో, పెడితే పిల్లలు ఎగబడి తినే కేక్ అవుతుంది, అంతవరకూ హామీ.

కూల్‌డ్రింకులో గ్యాస్ వల్లే కేక్ పొంగుతుందని అందరూ అంటారు. కొంచెం సాయం చేస్తుందేమో కానీ, కలిపేటప్పుడే చాలా గ్యాస్ బుసబుసమని పోతుంది. అసలు పొంగించేవి ఆ పెట్టెలో ముందే ఉన్నాయి: వంటసోడా, దానికి జోడీగా పులుపు లవణాలు. తడి తగలగానే కొంత, పొయ్యి వేడికి మిగతాది పనిచేస్తాయి. కూల్‌డ్రింకు ఇచ్చేది నీళ్లు, చక్కెర, కాస్త పులుపు. గుడ్డులా ముక్కని పట్టి ఉంచే శక్తి దానికి లేదు. అందుకని ఈ కేక్‌ని రెండు అంతస్తులు కట్టాలని చూడకండి, జారిపోతుంది. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న పళ్లెంలో కాల్చి, పళ్లెంలోనే కోసి పెట్టండి. కప్‌కేకులైతే ఇంకా సుఖం.

ఇక కొలత. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత వంటల పుస్తకాల్లో పెట్టె అంటే 18.25 ఔన్సులు, 517 గ్రాములు. ఆ పెట్టెకి 12 ఔన్సుల డబ్బా, అంటే 355 మి.లీ., సరిగ్గా సరిపోయేది. తర్వాత పెట్టెలు చిక్కిపోయాయి. ఎక్కువగా 15.25 ఔన్సులే (432 గ్రాములు) ఉంటాయి, 13.25 ఔన్సులవి కూడా వచ్చాయి. డబ్బా మాత్రం అంతే ఉంది. మొత్తం ఒంపేస్తే పిండి జారై, కేక్ మధ్యలో జిగురు జిగురుగా ఉంటుంది. నేను 432 గ్రాముల పెట్టెకి ఒకటింపావు కప్పు, అంటే 300 మి.లీ., పోస్తాను. మిగిలిన నాలుగు గుక్కలు వంటమనిషి వాటా. దానికి రెండు టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు కలుపుతాను. మీ పక్కింటావిడ లెక్కలో పెరుగు లేదు కానీ, ముక్క పొడిపొడిగా రాలకుండా ఉండేది దానివల్లే అని నా నమ్మకం.

ముందు పొయ్యిని 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడెక్కనివ్వండి. పిండి కలిపాక వేడెక్కనిద్దాంలే అనుకుంటే ఆ పొంగు గిన్నెలోనే అయిపోతుంది. పెద్ద గిన్నె తీసుకోండి, నురగ పైకి లేస్తుంది. చేత్తోనే విస్క్‌తో ఒక్క నిమిషం కలపండి. చిన్న చిన్న ఉండలు మిగిలినా పర్వాలేదు, మీద పడి బాదకండి. నూనె రాసిన పళ్లెంలో పోసి 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారాకే కోయాలి. గుడ్డు లేని కేక్ వేడి మీద కోస్తే ఉప్మా అవుతుంది.

మీ అత్తయ్యగారి కోసం అన్నిటికన్నా ముఖ్యమైన మాట: పెట్టె వెనక అక్షరాలు చదవండి. మామూలు ఎల్లో, వైట్, చాక్లెట్ మిక్సుల్లో చాలావాటిలో గుడ్డు ఉండదు, మనమే వేసుకోవాలి. కానీ "ఏంజెల్ ఫుడ్" అని ఒక రకం ఉంది. దూదిలా ఉంటుంది. అందులో గుడ్డు తెల్లసొన ఎండబెట్టి ముందే కలుపుతారు. ఒక శ్రావణ శుక్రవారం మా ఇంట్లో భోజనాలకి ఆ పెట్టె తీసుకుని, ఆరెంజ్ ఫాంటా పోసి బ్రహ్మాండంగా చేశాను. మా వారి పెద్దనాన్నగారు, జన్మలో గుడ్డు ముట్టని మనిషి, రెండు ముక్కలు అడిగి మరీ వేయించుకున్నారు. రాత్రి చెత్తబుట్టలో ఆ పెట్టె పడేస్తూ చదివాను. చేతులు చల్లబడ్డాయి. ఆయన ఈ పత్రిక చదవరన్న ధైర్యంతోనే ఇప్పుడు రాస్తున్నాను.

ఇంకో రెండు. మోనో అండ్ డైగ్లిజరైడ్స్ అని రాసి ఉంటే అవి మొక్కల నూనె నుంచి కావచ్చు, జంతువుల కొవ్వు నుంచి కావచ్చు. మరీ పట్టింపు ఉన్నవాళ్లయితే వీగన్ అని ముద్ర ఉన్న పెట్టె కొనడం మేలు. అలాగే ఇక్కడ కొందరు కాల్చిన కేక్‌కి చిల్లులు పొడిచి జెల్లీ నీళ్లు పోస్తారు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ ఆ జెల్లీలో జెలటిన్ ఉంటుంది. అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. వద్దు.

ఏ మిక్సుకి ఏది అంటారా? వైట్ లేదా లెమన్ మిక్సుకి సెవెనప్ గానీ స్ప్రైట్ గానీ. ఎల్లో మిక్సుకి ఆరెంజ్. చాక్లెట్‌కి కోక్, లేదా మీ టెక్సాస్ వాళ్ల డాక్టర్ పెప్పర్. అది 1885లో వేకో ఊళ్లో ఒక మందుల షాపులో పుట్టింది. మొదటిసారి తాగిన మనవాళ్లందరూ "దగ్గుమందు" అంటారు, నేనూ అన్నాను. మందుల షాపులో పుట్టిందని తెలిశాక నా నాలుక మీద నాకు గౌరవం పెరిగింది. చాక్లెట్ కేక్‌లో మాత్రం ఆ మందు వాసన పోయి ఏదో చెర్రీలాంటి రుచి తేలుతుంది. పుట్టినరోజుకి నా ఓటు దానికే.

కాలాక కూల్‌డ్రింకు రుచి పలచబడిపోతుంది, అది ముందే తెలిసి ఉండాలి. లెమన్ కేక్‌లో ఒక నిమ్మకాయ తొక్క తురిమి వేయండి, పచ్చదనం వరకే, తెల్లభాగం చేదు. పైన పోసుకోవడానికి ఒకటిన్నర కప్పుల పంచదార పొడిలో అదే కూల్‌డ్రింకు మూడు టేబుల్‌స్పూన్లు కలిపి, చల్లారిన కేక్ మీద ధారగా వదలండి. రుచి నాలిక్కి తగిలేది అక్కడే.

పిన్నీ, ఇక్కడ గుంటూరులో సూపర్ మార్కెట్లో గుడ్డు లేని కేక్ మిక్స్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. మాకు ఓవెన్ లేదు, కుక్కరే. థమ్సప్ పోసి చెయ్యొచ్చా? మా తమ్ముడు గోలీసోడా పొయ్యమంటున్నాడు.
— డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి

చెయ్యొచ్చు తల్లీ, కానీ పద్ధతి వేరు. మీ దగ్గర దొరికే ఆ ప్యాకెట్లు గుడ్డు లేకుండానే కుదిరేలా తయారు చేసినవి. కాబట్టి ప్యాకెట్ మీద నూనె ఎంత రాస్తే అంతా వెయ్యి. నీళ్లు ఎన్ని రాశాడో అన్ని థమ్సప్ పొయ్యి. పాలు అని రాసి ఉంటే పాలే వాడు. పుల్లటి కూల్‌డ్రింకూ పాలూ కలిపితే విరిగిపోవచ్చు. నీళ్ల కొలత కనపడకపోతే నూరు గ్రాముల మిక్సుకి 70 మి.లీ. లెక్క చూసుకో.

కుక్కర్ విజిలూ, మూతకి ఉండే రబ్బరూ తీసెయ్. అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడి చెయ్. కుక్కర్‌లో చుక్క నీళ్లు పొయ్యొద్దు. గిన్నె సగానికి మించకుండా పిండి పోసి, సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచి చూడు. గిన్నె లోతుగా ఉంటే ఇంకో పది నిమిషాలు. మధ్యలో మూత తీసి తొంగి చూశావో, కుంగిపోతుంది.

మీ తమ్ముడి గోలీసోడా కూడా పనికొస్తుంది, అందులో తీపీ రుచీ ఉండవు కనుక నీళ్లు పోసినట్టే. ఆ సోడాలో నిమ్మకాయ పిండితే వాడి మాట నిలబెట్టినట్టవుతుంది. నేను పుట్టింది రామచంద్రపురం దగ్గర. మా పెళ్లిళ్లలో ఆర్టోస్ అనే మా ఊరి కూల్‌డ్రింకు సీసా చేతికిస్తేనే మర్యాద. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు మా మేనకోడలి కుక్కర్‌లో వెనిల్లా మిక్సుకి ఆర్టోస్ పోసి చేశాం. ఊరి వాసన వచ్చిందని నేను, ఏ వాసనా రాలేదని మా తమ్ముడు.

అమ్మా, నాకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. కోడలు డైట్ కోక్‌తో చేస్తే కేక్ తినొచ్చంటోంది. నిజమేనా?
— ఎడిసన్ నుంచి ఒక పెద్దమనిషి

అన్నయ్యగారూ, మీ కోడలు ప్రేమగానే అంది, కానీ లెక్క చూడండి. మామూలు కోక్ 355 మి.లీ. డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. కేక్ పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకి మూడు గ్రాముల పైచిలుకు. డైట్ పోస్తే తగ్గేది అదే. అసలు చక్కెర పెట్టెలో ఉంది: చాలా మిక్సుల మీద సరుకుల జాబితాలో మొదటి పేరు చక్కెరదే, రెండోది మైదా. నూనే, గుడ్లూ వెయ్యకపోతే కొవ్వు తగ్గుతుంది, అది నిజం. షుగర్‌కి అది జవాబు కాదు. చక్కెర లేని మిక్సులు కూడా అమ్ముతారు, వాటిలోనూ మైదా ఉంటుంది. ఎంత ముక్క తినొచ్చో మీ డాక్టర్‌ని అడగండి, నన్ను కాదు. పైన పంచదార ధార మాత్రం మీ ముక్క మీద పొయ్యవద్దని కోడలికి చెప్పండి.

పిన్నిగారూ, డెన్వర్‌లో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ బాగా పొంగి, మధ్యలో గుంటపడింది. ఫ్రెండ్స్ "కేకా, దిబ్బరొట్టా?" అన్నారు. నేను గుడ్లు తింటాను.
— ఎమ్మెస్ విద్యార్థి

తప్పు నీది కాదు నాయనా, ఊరిది. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 95 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. కేక్‌లో గ్యాస్ త్వరగా ఉబ్బుతుంది, గోడలు గట్టిపడేలోగా పేలి కూలుతుంది. పెట్టె మీద ఎత్తు ప్రదేశాలకని వేరే సూచనలుంటే అవి చూడు. దానికి తోడు రెండు టేబుల్‌స్పూన్ల మైదా ఎక్కువ వేసి, పొయ్యి 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెంచి, అయిదు నిమిషాలు ముందే పుల్ల గుచ్చి చూడు. గుడ్లు తింటానన్నావు కదా, రెండు కొట్టి వేసి, కూల్‌డ్రింకు అరకప్పు తగ్గించు. కప్‌కేకులుగా పోస్తే గుంటపడినా చిన్నదే పడుతుంది, పైన క్రీమ్ రాస్తే ఎవరికీ కనపడదు.