అప్పు లేకుండా అమెరికాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ

ప్రశ్న: ఈ ఏడాదే ఎంఏ ఎకనామిక్స్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. బీఏలో మ్యాథ్స్ లేదు. అప్పు చేయకుండా అమెరికాలో పీహెచ్‌డీ చేయాలనుంది. ఏ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయాలి? ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడుతుంటే ఒక్కరూ బదులివ్వడం లేదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: విడిగా స్కాలర్‌షిప్ వెతకనక్కర్లేదమ్మా. మంచి డిపార్ట్‌మెంట్లలో ఫీజు మాఫీ, స్టైపెండ్, ఆరోగ్య బీమా సాధారణంగా పీహెచ్‌డీ సీటుతోపాటే వస్తాయి. ఎంఎస్‌కు ఆ సౌకర్యం అరుదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మన దగ్గర ఇప్పటికే పీహెచ్‌డీలో చేరినవాళ్ల కోసం, మీకు వర్తించదు.

మెయిల్స్ ఆపేయండి. ఇంజినీరింగ్‌లో ప్రొఫెసరు తన ప్రాజెక్టు డబ్బుతో విద్యార్థిని తీసుకుంటారు. ఎకనామిక్స్‌లో ఎంపిక చేసేది డిపార్ట్‌మెంట్ కమిటీ.

ఆ కమిటీ ముందు చూసేది లెక్కలే. మొదటి ఏడాదంతా మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్; ఆ తర్వాత ప్రిలిమ్స్ అనే అర్హత పరీక్షలు. అవి గట్టెక్కకపోతే పీహెచ్‌డీ అక్కడితో సరి. కాబట్టి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ముఖ్యంగా రియల్ అనాలిసిస్‌లో (కాలిక్యులస్‌ను రుజువులతో చదివే సబ్జెక్టు) మార్కులు చూపించాలి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ కోర్సులు ఉచితమే. కేంద్రానికి వెళ్లి పరీక్ష రాస్తేనే సర్టిఫికెట్‌కు విలువ. ప్రవేశ పరీక్ష జీఆర్ఈలోని లెక్కల భాగం, క్వాంట్‌లో 170కి 166 అయినా దాటాలి. 170 తెచ్చుకున్నా రియల్ అనాలిసిస్ లోటు తీరదు, జీఆర్ఈలో ఉండేది స్కూలు లెక్కలే మరి.

తర్వాత సిఫార్సు లేఖలు, మూడు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. హెచ్‌ఓడీ కదా అని అడిగితే ‘క్రమశిక్షణ గల విద్యార్థిని’ అని నాలుగు ముక్కలు రాసిస్తారు. దానివల్ల ఉపయోగం సున్నా. ‘పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే ఉపాధి సర్వే) యూనిట్ డేటా తీసుకుని, వెయిట్లు సరిగా వేసి, మహిళల ఉపాధిపై స్టాటా సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా రిగ్రెషన్లు చేసింది’ అని రాయగలిగినవారిని అడగండి. కనీసం నెల ముందు చెప్పండి. అప్‌లోడ్ లింకు వారి మెయిల్‌కే వెళ్తుంది. స్పామ్‌లో పడిందేమో చూడమని గుర్తుచేయండి.

నిజం చెప్పాలంటే, ఈ డిసెంబరు గడువుకు మీరు సిద్ధంగా లేరు. ఏడాది రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేయండి. పేదరికంపై పరిశోధన చేసే జె-పాల్ సౌత్ ఏషియా లాంటి సంస్థలు తీసుకుంటాయి. పక్కన ఆ కోర్సులు చేస్తే లెక్కల లోటూ తీరుతుంది, బలమైన లేఖా వస్తుంది. ఒక్కో దరఖాస్తుకు సుమారు 100 డాలర్లు. పన్నెండు పెడితే లక్ష రూపాయలు దాటుతుంది. ఫీజు మినహాయింపు ఉంటే సబ్మిట్ కొట్టకముందే అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది. వెంటనే ఒప్పుకోవాలా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తొందరేం లేదు. నిధులతో కూడిన ఆఫర్లకు చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. ఈలోగా ఆఫర్ లేఖలో మూడు చూడండి: స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, హామీ ఎన్నేళ్లు, ఫీజు మాఫీ పోగా విడిగా కట్టాల్సిన ఫీజులెంత. తొమ్మిది నెలలకే అయితే వేసవి ఖర్చు ఎలా గడుస్తుందో అక్కడి సీనియర్లను అడిగించండి.