చక్రాల కుర్చీతో సముద్రం చూడాలంటే

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేడు, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. గత నెల ఒక పార్కుకు వెళితే గేటు దగ్గర పాతిన ఇనుప కడ్డీల మధ్య కుర్చీ పట్టలేదు. వాళ్ల నాన్నగారు ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు. చెల్లెలు ఉయ్యాల ఊగుతుంటే వాడు గట్టు మీద కూర్చుని చూశాడు. అప్పటి నుంచి ఎక్కడికి రమ్మన్నా రానంటున్నాడు. విశాఖలో మేమంతా కలిసి వెళ్లగలిగే చోట్లు ఏమున్నాయి?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, నలుగురూ చూస్తుండగా నాన్న చేతుల మీద లోపలికి వెళ్లడం 11 ఏళ్ల పిల్లవాడికి ఎంతో చిన్నతనంగా అనిపిస్తుంది. వాడు రానంటున్నాడంటే ఆ బాధ ఇంకా తగ్గలేదన్నమాట. కనుక ఈసారి ఎవరూ ఎత్తనవసరం లేని చోటును ముందుగా మీలో ఒకరు వెళ్లి చూసి వచ్చి, ఆ తరువాతే వాణ్ణి తీసుకెళ్లండి.

మొదట బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీస్ పార్కును చూడండి. వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకే చోట ఆడుకోవాలనే ఉద్దేశంతో స్మార్ట్ సిటీ పథకం కింద దీన్ని నిర్మించారు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఉన్న మీ ఇంటికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచడం లేదు. అయితే సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి, ఆట పరికరాలు ఆ రోజుకు పని చేస్తున్నాయో లేదో చూసుకున్నాకే బాబుకు చెప్పండి.

ఇసుకలో కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. అందువల్ల సముద్రం చూడటానికి ఆర్కే బీచ్ వెంట ఉన్న నడకదారే మేలు. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత పాటించే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. ఆ గుర్తింపుకు పెట్టే షరతులలో దివ్యాంగులకు దారి, సౌకర్యాలు కల్పించడం కూడా ఉంది గనుక, అక్కడి సిబ్బందిని ఆ సౌకర్యాల గురించి నిస్సంకోచంగా అడగండి. కైలాసగిరి పైకి వాహనంలోనే వెళ్లవచ్చు. జంతు ప్రదర్శనశాల 600 ఎకరాలకు పైగా విస్తరించి ఉంది కాబట్టి, కుర్చీని తోస్తూ అంతా చూడాలనుకోకుండా రెండు మూడు జంతువులను బాబు చేతనే ఎంపిక చేయించండి. ఆర్కే బీచ్ దగ్గర మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని మాత్రం బయటి నుంచే చూపించండి. లోపలి గుండ్రటి ఇరుకు ద్వారాలలోంచి పెద్దవాళ్లే వంగి, కాలెత్తి దాటాలి.

ముందుగా చూడటానికి వెళ్లేవారు వెంట ఒక కొలత టేపు ఉంచుకోవాలి. ఇంట్లోనే కుర్చీ వెడల్పును, చక్రాలను తిప్పే చేతులకు కావలసిన జాగాతో సహా, కొలుచుకుని వెళ్లి గేటు సందుతో సరిచూడండి. ర్యాంపు 1 అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశంలోని ప్రమాణం. మూడు మెట్ల పక్కన నిటారుగా సిమెంటు పోసి ర్యాంపు అని చూపిస్తే దాన్ని నమ్మకండి. దాని మీద కుర్చీ వెనక్కు జారుతుంది. ఆటో దిగే చోటు నుంచి గేటు దాకా కాలువ మూతలు, ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయో చూడండి. టాయిలెట్ తలుపు తాళం వేసి ఉంటే తీయించి, లోపల కుర్చీ తిరుగుతుందో లేదో చూడండి. సగం రోజులో ఇంటికి తిరిగి రావలసి వచ్చిన కుటుంబాలను అడిగితే చాలామంది టాయిలెట్ కారణమే చెబుతారు.

ఇక మీరు వెళ్లిన ఆ పార్కు సంగతిని అక్కడితో వదిలేయకండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 29వ సెక్షన్ వినోదాన్ని కూడా ఒక హక్కుగా గుర్తించింది. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను, నిబంధనలు వెలువడిన నాటి నుంచి 5 ఏళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతోంది. వినోదానికి వాడేవి కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే ముగిసింది. గేటు ఫొటో, కడ్డీల మధ్య ఎడం ఎన్ని అంగుళాలో, మీ కుర్చీ వెడల్పు ఎంతో రాసి, ఆ పార్కును నిర్వహిస్తున్న సంస్థకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే అదే అర్జీ నకలును కలెక్టరేట్‌లో ఇవ్వండి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ పంపండి. కేంద్ర ప్రభుత్వపు సుగమ్య భారత్ యాప్‌లో ఫొటోతో సహా ఫిర్యాదు చేసే వీలుంది. ఒక్క కడ్డీని తీయించడానికి ఇంత శ్రమ పడాలా అని మీకు అనిపించవచ్చు; కానీ మీ తరువాత ఆ గేటు దగ్గరకు వచ్చే మరో తల్లికి ఆ శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఆటిజం ఉంది. జనం, పెద్ద శబ్దాలు భరించలేదు. తనను ఎక్కడికి తీసుకెళ్లాలి?
— ఒక తండ్రి, మధురవాడ

జవాబు: అయ్యా, మీకు చోటు కన్నా వేళ ముఖ్యం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లవద్దు. సెంట్రల్ పార్కుకు వెళ్లేటట్లయితే సంగీత ఫౌంటెన్ మొదలయ్యే సమయానికి ముందే బయటకు వచ్చేయండి. మామూలు రోజుల్లో, ఉదయం నడకకు వచ్చినవాళ్లు ఇళ్లకు వెళ్లాక, ఎండ ముదరక ముందు మీ ఇంటికి దగ్గరలోని చిన్న పార్కుకే వెళ్లండి. వెళ్లే దారి, గేటు, కూర్చునే బల్ల ఫొటోలు తీసి ముందురోజే చూపిస్తే తెలియని చోటు అనే కంగారు కొంత తగ్గవచ్చు. మొదటిసారి పది నిమిషాలు చాలు. ఇక వెళదామని తను సైగ చేసిన వెంటనే, మీకు ఇంకాసేపు ఉండాలనిపించినా, లేచి రండి.