ఆ మోకాలిని ఎవరూ తాకలేదు

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లు (జట్టు దాడిని నడిపే, బంతి విసిరే ఆటగాళ్లు) గాయాలతో తొందరగా అయిపోతారని, పాకెట్‌లో, అంటే కాపలా ఆటగాళ్ల మధ్య, నిలబడి విసిరేవాళ్లు నలభై దాటినా ఆడతారని అంటారు. నిజమేనా?

ఈ మాట ఎవరు ఎత్తినా వెంటనే పాకెట్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ పేరు వస్తుంది. అక్కడే నాకు చిరాకు మొదలవుతుంది. 23 సీజన్లు, 45 ఏళ్ల వయసు వరకు ఆడాడు, కాదనను. కానీ 2008లో మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలి లిగమెంటు తెగి ఆ ఏడాదంతా పోయింది కదా, అప్పుడు అతను చేస్తున్నది ఏమిటి? పాకెట్‌లో నిలబడి బంతి విసరడమే. బ్రేడీని చూపించి సూత్రం చెప్పడమంటే, మా తాతయ్య రోజూ చుట్ట కాల్చినా తొంభై ఏళ్లు బతికాడు కాబట్టి చుట్ట ఒంటికి మంచిదనడమే.

నాకీ ఆట నేర్పింది మా బావ. వర్జీనియాకు వచ్చిన కొత్తలో ఒక రాత్రి భోజనాల బల్ల మీద పప్పు గిన్నె చుట్టూ ఐదు చెంచాలు పేర్చి, "ఇదే పాకెట్. గిన్నె క్వార్టర్‌బ్యాక్, చెంచాలు కాపలా" అన్నాడు. "మరి గిన్నె బయటికి పరుగెత్తితే?" అని అడిగాను. "పప్పు ఒలికిపోతుంది" అన్నాడు. చాలాకాలం అదే నిజమనుకున్నాను.

2013 జనవరి 6, ఆదివారం. లాండోవర్‌లో వాషింగ్టన్, సియాటిల్ జట్ల ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌కు ఇద్దరం వెళ్లాం. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్‌కు అది మొదటి సీజన్. కాలేజీలో హర్డిల్స్ పరుగెత్తిన కుర్రాడు. ఆ ఒక్క ఏడాదిలో బంతి పట్టుకుని కాళ్లతోనే 815 గజాలు ముందుకు పరుగెత్తాడు. నెల ముందు బాల్టిమోర్ మ్యాచ్‌లో ఒక భారీకాయుడి దెబ్బకు కుడి మోకాలు దెబ్బతింది కాబట్టి, ఆ రోజు కాలికి బ్రేస్ (ఆసరా పట్టీ) తొడుక్కుని దిగాడు.

మొదటి క్వార్టర్‌లోనే వాషింగ్టన్ 14-0 ఆధిక్యం సాధించింది. మేం అరుస్తూనే ఉన్నాం. ఆ క్వార్టర్ ముగిసే ముందే అతని నడక మారింది. చెప్పు వారు తెగినవాడు బజారులో ఎలా నడుస్తాడు, అలా ఈడ్చుకుంటూ నడిచాడు. అయినా ఆడించారు. అందరికీ కనిపిస్తూనే ఉంది, ఎవరూ ఆపలేదు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాలుగో క్వార్టర్‌లో సియాటిల్ 21-14తో ముందుకెళ్లింది. తర్వాత ఒక స్నాప్, అంటే ఆట మొదలుపెడుతూ క్వార్టర్‌బ్యాక్‌కు వెనక్కి అందించే బంతి, గురి తప్పి నేల మీద పడింది. గ్రిఫిన్ వంగి దాన్ని అందుకోబోయాడు. అంతే, మోకాలు వంగకూడని వైపుకు వంగింది. బంతి పక్కనే దొర్లుతోంది, దాని మీదికి దూకడానికి కూడా అతనికి కాలు సహకరించలేదు. స్టేడియం మొత్తం ఒక్కసారిగా మూగబోయింది.

"బావా, ఎవరూ తాకనే లేదు కదా!" అన్నాను.

"అది మొదటి క్వార్టర్‌లోనే పోయింది. ఇప్పుడు బయటపడింది, అంతే" అన్నాడు బావ.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. మైదానం మధ్యలో పచ్చదనం పేరుకైనా లేదు, కోత కోసిన పొలంలా ఉంది. అదే మ్యాచ్‌లో సియాటిల్ ఆటగాడు క్రిస్ క్లెమన్స్ మోకాలు కూడా తెగింది. ఏడాది ముందు మిన్నెసోటా ఆటగాడు ఏడ్రియన్ పీటర్సన్ మోకాలు పోయిందీ అక్కడే. కోట్ల డాలర్ల కాళ్లను అలాంటి నేల మీద పరుగెత్తించి, తర్వాత "పరుగెత్తాడు కాబట్టి గాయమైంది" అనేవాళ్లకు ఏం చెప్పాలి?

ఇక అసలు సంగతి. ఆ రోజు అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎవరు? రసెల్ విల్సన్. అతనికీ అది మొదటి సీజనే, అతనూ పరుగెత్తేవాడే. 2014లో 849 గజాలు పరుగెత్తాడు, అంటే గ్రిఫిన్ 815 కంటే ఎక్కువే. అయినా 2021 అక్టోబరు దాకా వరుసగా 149 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ తప్పలేదు. చివరికి అతన్ని ఆపిన గాయం కాలికి కాదు, వేలికి. బంతి విసురుతుంటే ఎదుటివాడి చేతికి తగిలింది. విల్సన్ ముందు బేస్‌బాల్ ఆడినవాడు. కాళ్లు ముందుకు చాపి జారిపోవడం అతనికి వచ్చు. ఎవరైనా మీదికి వస్తున్నారంటే నేల మీద ఉండేవాడు.

మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు వాలీబాల్ జట్టులో చేరినవాళ్లకు మొదటి నెలంతా బంతి ఇచ్చేవారు కాదు. ఇసుకలో పడటం నేర్పేవారు. ఛాతీ మీద ఎలా జారాలి, భుజం మీద ఎలా దొర్లాలి, అదే పాఠం. అప్పట్లో తిట్టుకున్నాం. ఇరవై ఏళ్లు డైవ్ కొట్టినా నాకు మోచేతులు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. వర్జీనియాలో ఒక శనివారం, ఎగరలేదు, దూకలేదు, నిలబడి బంతి కోసం పక్కకు తిరిగాను. మోకాల్లో టప్పుమని వినిపించింది. ఆపరేషన్, తొమ్మిది నెలలు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ "ఆ గెంతుల వల్లే" అంటారు.

పాకెట్ సురక్షితమనేవాళ్లు వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌ల చరిత్ర ఒక్కటి చూస్తే చాలు. 1985 నవంబరు 18న జో థైస్‌మన్ కుడికాలు పాకెట్‌లోనే విరిగింది, మళ్లీ ఆడలేదు. సరిగ్గా 33 ఏళ్లకు, 2018 నవంబరు 18న, అలెక్స్ స్మిత్ కుడికాలు కూడా అతను బంతి విసరబోతుండగానే విరిగింది. 17 శస్త్రచికిత్సలు జరిగాయి. రెండు మ్యాచ్‌ల స్కోరూ 23-21. 2020లో లాండోవర్‌లోనే సిన్సినాటి జట్టు కుర్ర క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు పోయింది. అప్పుడూ పాకెట్‌లోనే. పరుగెత్తేవాడు దెబ్బ ఎటు నుంచి వస్తుందో చూస్తాడు. నిలబడినవాడి కళ్లు నలభై గజాల అవతల ఉంటాయి, కాళ్లు నేలలో పాతుకుని ఉంటాయి. ఏది ప్రమాదమో మీరే చెప్పండి.

పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 2019లో 1,206 గజాలు పరుగెత్తి ఏ ఇబ్బందీ లేకుండా ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. 2021లో చీలమండ దెబ్బతింది బంతి విసిరిన క్షణంలో, 2022లో మోకాలు దెబ్బతింది శాక్‌లో, అంటే బంతి విసరకముందే పట్టి పడేసినప్పుడు.

పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ ఉన్నాడు కదా అంటారు. ఒప్పుకుంటాను. అంత ఎత్తు, అంత బరువు ఉన్న మనిషి జారడం నామోషీ అనుకుని ఎదురువెళ్లి గుద్దుకున్నాడు, ముప్పై దాటగానే ఒళ్లు అప్పు తీర్చమంది. అది కూడా పడటం రాకపోవడమే అంటాను. అయినా 2016లో అతని భుజం దెబ్బతింది పరుగులో కాదు, తన బంతి లాక్కున్నవాడిని పడగొట్టబోయినప్పుడు.

గ్రిఫిన్ కుప్పకూలాక ఆ రోజు మైదానంలోకి వచ్చింది కర్క్ కజిన్స్. పరుగు జోలికి పోని మనిషి. బావ లెక్క ప్రకారం ఒలకని పప్పు గిన్నె. 2023 అక్టోబరులో గ్రీన్‌బేలో బంతి పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తూ, మడమ వెనక అకిలిస్ టెండన్ తెగి కూలబడ్డాడు. నేను ఇంట్లో మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని చూస్తున్నాను. బావ ఫోను చేశాడు.

"ఎవరైనా తాకారా?" అన్నాడు.

"లేదు బావా."