జీఈఎంలో మన కొట్టు పేరు ఎక్కించాలంటే?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఆఫీసు టేబుళ్లు, బీరువాలు చేస్తున్నా. గవర్నమెంటు ఆర్డర్లకి రిజిస్ట్రేషన్ చేయిస్తానని ఒకాయన పదిహేను వేలు అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: ఇవ్వకు తమ్ముడూ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి, అంటే చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకోవడానికి, గవర్నమెంటు ఒక్క రూపాయి కూడా తీసుకోదు, ఆధార్, పాన్, జీఎస్టీ నంబర్ పెట్టుకుని కూర్చుంటే నువ్వే చేసుకోవచ్చు. జీఈఎం అని గవర్నమెంటు ఆఫీసులు సరుకులు కొనుక్కోడానికి 2016లో సెంట్రల్ వాళ్లు పెట్టిన పోర్టల్ ఉంది కదా, అందులో అమ్మేవాడిగా చేరడానికీ ఫీజు లేదు.

అసలు తిప్పలు పేర్ల దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటే వెరిఫికేషన్ ఆగిపోతుంది, నాకూ అలాగే అయ్యి వారాల తరబడి తిరిగాను, అందుకే ముందు అది సరిచేయించుకో, మిగతావన్నీ తర్వాత.

కర్ణాటక డిపార్ట్‌మెంట్ల టెండర్లు వేరే, వాటికి కేపీపీపీ అనే కర్ణాటక గవర్నమెంటు టెండర్ల పోర్టల్‌లో చేరాలి, టెండరు వేయడానికి క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ (కంప్యూటర్‌లో పెట్టే సంతకం, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వస్తుంది) కావాలి, అది మాత్రం డబ్బులిచ్చి కొనాల్సిందే. ఆ టోకెన్, పాస్‌వర్డ్ ఎవరి చేతికీ ఇవ్వకు, అది నీ సంతకం!

ఇంకోటి, సెంట్రల్ పాలసీలో సెంట్రల్ డిపార్ట్‌మెంట్లు, కంపెనీలు తాము కొనేదాంట్లో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి కొనాలని ఉంది, అందులో 3 శాతం ఆడవాళ్ల యూనిట్లకి. నువ్వు సొంతంగా తయారుచేస్తున్నావు కాబట్టి ఉద్యమ్‌లో మాన్యుఫాక్చరింగ్ అనే పెట్టు, ట్రేడింగ్ (కొని అమ్మడం) అని పెడితే ఈ లాభం రాదు.