ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో 'గుయ్'మంటోంది, ఏం చేయాలి?

సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది అన్నా. హన్మకొండ ఫంక్షన్ హాల్లో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నంతసేపు పాట శుభ్రంగా వస్తోందని, ఛార్జర్ పెట్టగానే గుయ్‌మంటోందని, మౌస్ కదిపితే కిచకిచ కూడా తోడవుతోందని రాశారు. అంటే స్పీకర్లు, ఆంప్లిఫయర్ బాగానే ఉన్నాయి. ఇది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్‌లు కలిసి ఏర్పడే చుట్టు.

మూడు పిన్నుల ఛార్జర్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఒక ఎర్త్, మిక్సర్‌కు (పాటలు, మైకుల శబ్దాలు కలిపే పెట్టెకు) దాని ప్లగ్గు నుంచి ఇంకో ఎర్త్. ఆ రెండింటినీ ఆడియో కేబుల్ షీల్డ్ (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) కలుపుతుంది. మధ్యలో కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా చాలు, షీల్డ్‌లో కరెంటు పారి పాటతో పాటే మిక్సర్లోకి పోతుంది. గుయ్‌మనేది 50 హెర్ట్జ్ మెయిన్స్ కరెంటుది, కిచకిచ ఛార్జర్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉండే స్విచింగ్ సర్క్యూట్లది.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. ల్యాప్‌టాప్, మిక్సర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. సీరియల్ లైట్లు, డిమ్మర్లు వేరే లైను మీదకు మార్చండి. చాలాసార్లు శబ్దం బాగా తగ్గుతుంది.

పూర్తిగా పోవాలంటే ల్యాప్‌టాప్‌కు, మిక్సర్‌కు నడుమ గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఎర్త్ కలయికను తెంచే స్విచ్) ఉన్న స్టీరియో పాసివ్ డీఐ బాక్స్ (కరెంటు అక్కర్లేని, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న పెట్టె) పెట్టాలి. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ పాటను దాటిస్తుంది, ఎర్త్‌ను దాటనివ్వదు. డీఐ నుంచి మిక్సర్ మైక్ ఇన్‌పుట్లకు రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్‌లకు వాడే మూడు పిన్నుల) కేబుళ్లు వేయండి, ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైక్‌లకు పంపే కరెంటు) ఆఫ్‌లో ఉంచండి. లిఫ్ట్ స్విచ్ నొక్కేముందు మిక్సర్‌లో ఫేడర్ (వాల్యూమ్ జరిపే మీట) దించండి, లేకపోతే 'ధబ్'మంటుంది. కార్ల కోసం అమ్మే చవక ఐసొలేటర్లతోనూ (ఇవీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలే) హమ్, అంటే ఆ గుయ్, పోతుంది, కానీ వాటి ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవి, డప్పు బీట్ దగ్గర బేస్ పలచబడుతుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనమని చెప్పేవాళ్లున్నారు. దాని అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్ (ఒకే పాటను రెండు తీగల్లో ఎదురెదురుగా పంపి, బయటి శబ్దాన్ని కొట్టేసే పద్ధతి) అయితే కొంత మేలు, కాకపోతే యూఎస్‌బీ వైరులోని గ్రౌండ్ గుండా అదే లూప్ మళ్లీ తయారు.

కేబుల్ సంగతి. డీఐ దాకా 3.5 ఎంఎం స్టీరియో పిన్ను నుంచి రెండు మోనో పిన్నులకు చీలేదే వాడండి. డీఐ లేకుండా ఒకే స్టీరియో పిన్నును మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్లో పెడితే ఎడమ, కుడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పాటలో గొంతు మాయమవుతుంది. ల్యాప్‌టాప్ వాల్యూమ్ 80-90 శాతం ఉంచి మిక్సర్ గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే నాబ్) తగ్గించండి. అటుదిటు చేస్తే ఆ కిచకిచనే మిక్సర్ పెంచి వినిపిస్తుంది.

ఒక్కటి మాత్రం చేయకండి: ఛార్జర్ ఎర్త్ పిన్ను విరిచేయడం. హమ్ పోతుంది నిజమే, కానీ లోపల ఇన్సులేషన్ పోయిన రోజు ల్యాప్‌టాప్ బాడీకి, దాని వైరు ద్వారా మిక్సర్‌కు కలిసిన మైక్‌కూ 230 వోల్టులు రావచ్చు. ఎండాకాలంలో మన దగ్గర ఎర్త్ గుంతలు ఎండిపోతాయి కూడా, అప్పుడు ఎర్త్ సరిగా పనిచేయదు. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొలిచి, ఐదారు వోల్టులు దాటితే సౌండ్ వాళ్ల కంటే ముందు హాల్ ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.